గీత పడ్డ సంగీతం

చెప్పిందే చెప్పేవాణ్ని మన ఇళ్లలో అరిగిపోయిన రికార్డు అంటారు. మా మన్సూరాబాద్‌లో ఒకాయన ఆ అరుగుడునే కస్టమ్స్ కట్టి మరీ విదేశాల నుంచి తెప్పించుకుంటాడు. కాలనీకంతా ఆయన రికార్డన్న. నలభై దాటాయి, ఐటీ కొలువు, మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఒక గది మనుషులకి, ఒకటి రికార్డులకి.

పాట వినడానికి వెళ్తే ముందు ఫ్యాన్ ఆపేస్తాడు, దుమ్ము లేస్తుందని. ఎండాకాలమైనా సరే. ప్లేటు అంచుల్ని అరచేతులతో పట్టుకుని, పసిపిల్లకి లాలపోసినట్టు బ్రష్‌తో తుడుస్తాడు. నోటితో ఊదడు, తుంపర పడుతుందట. ఇరవై నిమిషాల పాటకి పావుగంట అభిషేకం.

ఆయన ఇష్టదైవం చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే ఆ మనిషి 1982లో మూడు రోలాండ్ యంత్రాలు ముందేసుకుని పది హిందుస్తానీ రాగాల్ని డిస్కో దరువు మీద పరిగెత్తించాడు. హెచ్‌ఎంవీ ప్లేటు వేసింది గానీ జనం పట్టించుకోలేదు. 1987లో షికాగో కుర్రాళ్లు ఆ మూడింట్లో ఒకటైన టీబీ-303 పెట్టెతోనే ఆసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతంతో దుమ్ము రేపారు. 2010లో ఈ ప్లేటు మళ్లీ అచ్చయ్యాక గానీ, మనవాడు ఐదేళ్లు ముందున్నాడని లోకానికి తెలియలేదు.

"భూపాలి తమ్మీ, మన మోహనే" అని రికార్డన్న కళ్లు మూసుకుంటాడు. నాకైతే మోహనకి చలిజ్వరమొచ్చినట్టుంటుంది. ఆ మాట పైకి అంటే ఛాయ్ రాదు.

మొన్న ఆదివారం కొత్త రీమిక్సు ప్లేటు పెట్టాడు. ఏ పాటకి రీమిక్సో అట్ట మీద ఉంది, చెవికి మాత్రం అందలేదు. టక్-గుర్ర్, టక్-గుర్ర్. పది నిమిషాలకి వంటింట్లోంచి వాళ్లమ్మ వచ్చింది, చేతికి చింతపండు గుజ్జుతో.

"ఏందిరా బిడ్డా, గీత పడ్డట్టుంది. జర సూది జరుపు."

"గీత కాదమ్మా, లూపు. కావాలనే చేసిండ్రు."

"కావాలని చెడగొట్టి అమ్మితే నువ్వు కొన్నవా?"

1948లోనే పారిస్ రేడియోలో పియర్ షెఫేర్ అనే ఆయన రికార్డు గాడిని దానికదే కలిసేలా కోసి, ఒకే చప్పుడుని తిప్పితిప్పి సంగీతం చేశాడని రికార్డన్న విడమర్చి చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, "ఆయనకు అమ్మ లేదా?" అంది.

సాయంత్రం కింద సందులోకి బరాత్ వచ్చింది. డీజే బండి తీన్మార్‌కి కిటికీ అద్దాలు గజగజలాడాయి, సూది ఎగిరి గాడి తప్పింది. రికార్డన్న తిట్టడానికి బాల్కనీలోకి ఉరికాడు. కిందున్న కుర్రాడు పాత సినిమా పాట ముక్కనొకటి దరువులో ఇరికించి మళ్లీమళ్లీ తిప్పుతున్నాడు. "దీన్ని సంగీతం అంటరా!" అని రికార్డన్న మండిపడుతుంటే, పక్కన వాళ్లమ్మ కాలు కదుపుతోంది.

ఎల్బీనగర్ మెట్రో దిగి మీరెప్పుడైనా అటు వెళ్తే, పాట ఎప్పుడైపోతుందని మాత్రం అడగకండి. ఆ రీమిక్సు ప్లేటు చివరి గాడి దానికదే కలిసి ఉంటుంది. నిమిషానికి 33⅓ చుట్లు, చుట్టుకి 1.8 సెకన్లు, కరెంటు పోయేదాకా.