హాకీ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "హాకీ అంటే ధ్యాన్‌చందేనోయ్! తక్కినవాళ్లంతా తర్వాతే."

అవతారిక: ఏటా ఆగస్టు 29న, అనగా ధ్యాన్‌చంద్ జయంతి కూడా అయిన జాతీయ క్రీడా దినోత్సవం నాడు, ఈ వాక్యం ప్రభవిస్తుంది. కర్త అజ్ఞాతుడు. సికిందరాబాదు జింఖానా మైదానం అంచున ఇరానీ చాయ్ తాగే పెద్దాయన ఎవరైనా కావచ్చు. పక్కనున్న కుర్రాడు "మరి ధన్‌రాజ్ పిళ్లై సంగతేంటి అంకుల్?" అని ఉంటాడు. ఆ ప్రశ్న లుప్తమైపోయి జవాబు మాత్రం మనకు దక్కింది.

ప్రతిపదార్థం: హాకీ అంటే = వంపు కర్రతో నేల మీద ఆడే ఆట అన్నచో (మంచు మీద ఆడేది వేరే శాఖ; దాని దేవుడు గ్రెట్జ్‌కీ, దాని భక్తులు కెనడాలో); ధ్యాన్‌చంద్ = 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు తెచ్చిన సిపాయి; ఏ = అతడు మాత్రమే; ఓయ్ = ఇక నోరు మూసుకో అని ధ్వని; తక్కినవాళ్లంతా = వక్తకు ఆ క్షణాన పేర్లు గుర్తురానివారందరూ; తర్వాతే = ఎంత తర్వాతో చెప్పకుండుట చమత్కారము.

తాత్పర్యం: నేను చూడలేదు, చూసినవాళ్లూ లేరు, కాబట్టి వాదించకు.

విశేషాలు: వక్త గాలిలో మాట్లాడలేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో 5 మ్యాచుల్లో 14 గోల్స్ ధ్యాన్‌చంద్‌వే. 1936 బెర్లిన్ ఫైనల్లో ఆయన నాయకత్వంలో జర్మనీని వాళ్ల గడ్డ మీదే 8-1తో చితక్కొట్టారు. అంతవరకూ ఏకారం చెల్లుతుంది. చిక్కు 1932 లాస్ ఏంజెలిస్‌లో వస్తుంది. అక్కడ అమెరికా మీద 24-1తో గెలిచిన రోజు ధ్యాన్‌చంద్ 8 కొడితే తమ్ముడు రూప్‌సింగ్ 10 కొట్టాడు. తమ్ముడు గనుక తర్వాతే అనుట వరసకు ఒప్పునేమో గాని స్కోరుకార్డుకు ఒప్పదు. ఆ ఏడు పోటీకి వచ్చినవి మూడే జట్లు. రెండు మ్యాచులూ ఓడిన అమెరికాకు కూడా కంచు పతకం దక్కింది. మన వక్త ఈ సంగతి ఎన్నడూ ఎత్తడు.

ప్రక్షిప్తాలు: ధ్యాన్‌చంద్ కర్రలో అయస్కాంతం ఉందేమోనని విరగ్గొట్టి చూశారట, హిట్లర్ పిలిచి పెద్ద ఉద్యోగమిస్తానన్నాడట. ఈ రెండూ మూలంలో లేవు, వల్లెవేసినవాళ్లు చేర్చినవి. చెప్పేవారే గాని సాక్ష్యం చూపేవారు లేరు. ఆ కాలపు బంతి బెండు మీద తోలు కప్పి కుట్టింది. తోలును లాగే అయస్కాంతం ఏ శాస్త్రంలోనూ లేదు. అయినా ఈ కథలు తీసేస్తే చాయ్ చల్లారిపోతుందని శిష్టులు ఉంచేశారు.

పాఠాంతరాలు: చండీగఢ్ ప్రతిలో ధ్యాన్‌చంద్ ఉన్నచోట బల్బీర్ సింగ్ సీనియర్ అని ఉంది. బలమైన పాఠం. ఆయనవీ మూడు స్వర్ణాలే, 1948, 1952, 1956. హెల్సింకీ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద కొట్టిన 6 గోల్స్‌లో 5 ఆయనవి. లాహోర్ ప్రతిలో షాబాజ్ అహ్మద్. 1990, 1994 ప్రపంచకప్పులు రెండింటిలోనూ ఉత్తమ ఆటగాడు, రెండోసారి కప్పు కూడా ఎత్తాడు. పుణె ప్రతిలో ధన్‌రాజ్. నాలుగు ఒలింపిక్స్ ఆడినా పతకం లేదు, ఆ ప్రతి చదివేవారికి అది లెక్కలోకి రాదు. మన హైదరాబాదు ప్రతిలో మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ పేరు అంచున, చిన్న అక్షరాల్లో ఉంది. ఊరి అభిమానం వ్యాఖ్యాతకూ ఉంటుంది, కనుక చెరపలేదు.

పూర్వపక్షం: పచ్చిక మీద ఆడినవాణ్ణీ కృత్రిమ మైదానం మీద ఆడినవాణ్ణీ ఒకే త్రాసులో తూచవచ్చునా? 1976 మాంట్రియల్‌తో ఒలింపిక్ హాకీ నేల మారింది. తర్వాత ఆఫ్‌సైడ్ నియమమూ పోయింది. ధ్యాన్‌చంద్ ఇప్పుడు ఆడితే?

సమాధానం: తూచరాదు. వక్త కూడా తూచడం లేదు, ఓయ్ అంటున్నాడు.

దోషనిరూపణ: అసలు దోషం మరొకటి. పై ప్రతులన్నిటిలోనూ ఉన్నది ఫార్వర్డులే. గోల్ కొట్టినవాడే ఆటగాడు, ఆపినవాడు కాపలాదారు అని అందరూ ఒప్పేసుకున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో మనవాళ్లు 29 గోల్స్ కొట్టారు, ఒక్కటీ ఇవ్వలేదు. ఆ సున్నా గోల్‌కీపర్ రిచర్డ్ అలెన్‌ది. 14 అందరికీ నోటికి వచ్చు, సున్నా ఎవరికీ రాదు. ఇక రైట్‌హాఫ్ లెస్లీ క్లాడియస్. బిలాస్‌పూర్‌లో పుట్టిన ఆంగ్లో ఇండియన్. 1948, 1952, 1956లో స్వర్ణాలు, 1960 రోమ్‌లో కెప్టెన్‌గా రజతం. బల్బీర్‌కు ఉన్న మూడు పతకాలూ ఈయనకూ ఉన్నాయి, పైన ఇంకొకటి. ఈయన పేరు ఏ చాయ్ దగ్గరా వినబడదు.

నిర్ణయం: మూలంలో ఏకారం ఒక్కటి తీసేసి చదువుకోవాలి. అప్పుడు హాకీ అంటే ధ్యాన్‌చంద్ కూడా అవుతాడు, ఆయనకొచ్చిన లోటు లేదు. ఒక్కరినే ఎంచుకోక తప్పదంటే ఈ టీకాకారుడి ఓటు క్లాడియస్‌కు. దీనికి పరదేశ ప్రమాణం కూడా ఉంది: 2012 ఒలింపిక్స్ కోసం లండన్ భూగర్భ రైలు పటంలో స్టేషన్లకు క్రీడాకారుల పేర్లు పెట్టినప్పుడు ధ్యాన్‌చంద్, రూప్‌సింగ్‌లతో పాటు క్లాడియస్‌కూ ఒక స్టేషన్ ఇచ్చారు.