వారంటీ ఉందన్నాడు కదా అని

పాత బండ్ల షాపులో ఆర్నెల్ల వారంటీ అన్న మాట చెవిన పడగానే నేను బండిని చూడటం మానేశాను. ఇంజను మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. వస్తున్నానని ఫోన్ చేసి మరీ బయల్దేరాను కాబట్టి అప్పటికే స్టార్ట్ చేసి ఉంచారు. రాత్రంతా చల్లబడ్డ ఇంజను ఎంతసేపటికి అందుకుంటుందో, మొదట్లో నీలం పొగ వదులుతుందో లేదో, లోపల టకటక కొట్టుకుంటుందో లేదో స్టార్ట్ చేసిన ఆ కాస్త సేపట్లోనే తెలుస్తుంది. చిక్కటి ఆయిల్ పోస్తే పొగా, చప్పుడూ కొన్నాళ్లు అణిగి ఉంటాయని కూడా నాకు తెలుసు. తెలిసీ ఏదీ అడగలేదు. "ఏదైనా వస్తే మేమున్నాం కదా సార్" అన్నాడు షాపతను. అంతే, జేబులో చెయ్యి పెట్టాను.

వారంటీ కాగితం అరచేయంత ఉంది. ముందు వైపు షాపు పేరు, రబ్బరు స్టాంపు. వెనక చిన్న అక్షరాలు. "చదివారా?" అని మా ఆవిడ అడిగితే ఇంటికెళ్లాక చూస్తాలే అన్నాను. చదివింది మాత్రం బండి ఆయిల్ తాగడం మొదలుపెట్టాకే. ఇంజను, గేర్‌బాక్స్ మాత్రమేనట. అందులోనూ అరిగే సామాను, అంటే పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేట్లు, రబ్బరు సామాను, వర్తించవు. మజూరీ కొన్నవాళ్లదే. బండి తమ షాపులో తప్ప ఎక్కడా విప్పకూడదు. రింగులూ క్లచ్చూ పక్కన పెడితే పాత ఇంజనులో పోయేది ఇంకేముంటుంది?

ఆ చివరి షరతు దగ్గర మళ్లీ పప్పులో కాలేశాను. విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. హెడ్డు నట్ల మీద పసుపు పెయింటు చుక్కలున్నాయి. వాటిని చూడగానే అతను, "షాపులో చూపించారా అన్నా?" అని ఆగాడు. ముందు నువ్వు చూడు అన్నది నేనే. స్పానర్ తిప్పగానే పెయింటు పగిలింది. బోరు లోపల నిలువునా గీతలు, గోరుతో రాస్తే తగులుతున్నాయి. బోరింగ్ కొట్టించి పిస్టన్ కిట్టు మార్చాల్సిందే అన్నాడు. షాపుకు తీసుకెళ్తే షాపతను ఆ గీతలు చూడనే లేదు. పగిలిన పెయింటు చూసి, వారంటీ పోయిందన్నాడు.

అక్కడితో దారి మూసుకుపోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. రెండేళ్ల గడువుంటుంది. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, వకీలు లేకుండానే మన గోడు మనమే చెప్పుకోవచ్చు. కానీ నా దగ్గరేముంది? నాలుగు డబ్బులు తగ్గుతాయంటే బిల్లు వద్దనుకున్నాను. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద ఉన్నవి నేనెన్నడూ చూడని పాత ఓనరు సంతకాలు. డబ్బు పుచ్చుకున్న షాపు పేరు ఏ అమ్మకం కాగితంలోనూ లేదు. పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని, ఓనరు బండి అప్పగించినట్టు ఫారం 29సి పెట్టాలని, ఆపైన ఆ బండికి డీలరే బాధ్యుడని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. ఆ అనుమతి పత్రం ఉందా అని ఒక్కమాట అడగలేదు.

చేతిలో ఉన్న ఆ వారంటీ కాగితంతోనైనా ఫిర్యాదు చేయాల్సింది. నలుగురిలో నగుబాటని నోరు మూసుకున్నాను. బోరింగ్ ఖర్చు కంటే అదే నన్నిప్పుడు ఎక్కువ బాధిస్తోంది. అలాంటి కాగితమే నా తర్వాత వచ్చినవాళ్ల చేతుల్లోనూ పెట్టి ఉంటారు. వాళ్లలో అప్పు చేసి బండి కొని డెలివరీ పనికి వెళ్లే పిల్లలుంటారు. బండి ఆగితే వాళ్లకు ఆ పూట సంపాదన లేదు.

మా తమ్ముడి కొడుకు వచ్చే వారం బండి చూసుకోవాలంటున్నాడు. నేనూ వెళ్తాను. ఫోన్ చేయకుండా, షాపు తెరిచే వేళకు. ముందు ఇంజను మీద చెయ్యి వేసి చూస్తాను. అరిగే సామాను అంటే ఏవేవో, మజూరీ ఎవరు పెట్టుకుంటారో పేరుపేరునా రాసి సంతకం పెట్టమంటాను. షాపు పేరు మీదే బిల్లు ఇమ్మంటాను, 29సి చూపించమంటాను. కుదరదంటే ఇంకో షాపుకు వెళ్తాం.