తొలివరుస డెవలపర్

ఫోనును నడిపే మూల సాఫ్ట్‌వేరు, దానిపై యాప్‌లు రాయడానికి కంపెనీ అందించే పనిముట్లు, రాసిన యాప్‌లను జనానికి చేర్చే స్టోరు అనే మూడూ కలిసిన వ్యవస్థకు ప్లాట్‌ఫారం అని పేరు. వీటిలో మొదటిది ఇంకా తయారీలో ఉండగానే, మూడవది తలుపులు తెరవకమునుపే, రెండవదానిని రాత్రికి రాత్రి డౌన్‌లోడ్ చేసుకొని కూర్చునేవాడు తొలివరుస డెవలపర్. హైదరాబాదులో ఇతడు అమీర్‌పేట మైత్రీవనం పరిసరాలలో ఏదో ఒక కోర్సు పూర్తిచేసి, పగటివేళ ఎవరిదో పాత బ్యాంకు సాఫ్ట్‌వేరుకు మాట్లు వేస్తూ, రాత్రివేళ మాత్రం ఇంకా పుట్టని ఫోనుకు యాప్ రాస్తూ జీవిస్తాడు.

ప్లాట్‌ఫారాలు మారినా ఇతడు రాసే యాప్ మారదు. అది రాహుకాలం యాప్. సూర్యోదయం నుండి సూర్యాస్తమయం వరకు గల కాలాన్ని ఎనిమిది భాగాలు చేసి, సోమవారం రెండవ భాగం, ఆదివారం ఎనిమిదవ భాగం అన్నట్లుగా రోజుకొక స్థానం చూపడమే దాని పని కనుక లెక్క కొద్ది వరుసల కోడుతో ముగుస్తుంది. రంగులకూ అక్షరాలకూ మాత్రం వారాలు పడతాయి. రాహుకాలంపై తనకు నమ్మకం లేదని ఇతడు మిత్రులతో గట్టిగానే వాదిస్తాడు గాని, యాప్‌ను స్టోరుకు పంపే బటన్‌ను ఆ గంటన్నరలో నొక్కిన దాఖలా లేదు.

2007 నవంబరులో గూగుల్ ఆండ్రాయిడ్‌ను ప్రకటించి, డెవలపర్లకు కోటి డాలర్ల బహుమతులతో పోటీ పెట్టినప్పుడు తొలివరుస డెవలపర్ అక్కడ ముందుగానే హాజరయ్యాడు. ఆ ప్లాట్‌ఫారంపై తొలి ఫోను అమ్మకానికి వచ్చింది 2008 అక్టోబరులో గనుక, దాదాపు ఏడాది పాటు యాప్ ఉన్నది, ఫోను లేదు. ఇతని జీవితంలో అంతకన్న సుఖమైన కాలం మరొకటి లేదనవచ్చు. అటుపై ఫోన్లు వచ్చి, జనం వచ్చి, ఇతరులు రాసిన పంచాంగాలు కూడా పదులకొద్దీ వచ్చిపడగా, స్టోరు సంతలా మారిందని విసుగుచెంది ఇతడు బయటికి నడిచాడు. ప్రపంచమంతా గెలుస్తుందనుకున్న ప్లాట్‌ఫారాన్ని రద్దీగా ఉందన్న ఒక్క కారణంతో వదిలిపెట్టిన దూరదృష్టిని ఇతని ఇంటివారు ఇప్పటికీ మరచిపోలేదు.

ఇతని ప్రతిభ సంపూర్ణంగా వికసించింది విండోస్ ఫోన్ 7 పైన. మైక్రోసాఫ్ట్ దానిని 2010 ఫిబ్రవరిలో ప్రకటించి, మార్చిలో పనిముట్లను ఉచితంగా ఇచ్చింది. ఫోన్లు అంగళ్లకు వచ్చింది అక్టోబరులో. ఆ నడుమ కాలాన్ని ఇతడు ఎమ్యులేటర్‌తో, అంటే కంప్యూటరు తెరపైనే ఫోనులా నటించే సాఫ్ట్‌వేరుతో గడిపాడు. నీడలూ మెరుపులూ లేకుండా అక్షరమే అలంకారంగా నిలవాలని చెప్పే మెట్రో అనే రూపకల్పన పద్ధతిని చదివి, ఇంట్లో శుభలేఖ అచ్చువేయించినా అందులోని పూలు తీసివేయమనే స్థితికి చేరాడు. అడ్డంగా సాగే విశాలమైన పుటను ఫోను కిటికీగుండా ముక్కలుగా చూపే పనోరమా అనే అమరికలో భాగాలు కొద్దిగా ఉంటేనే మేలని తెలిసినప్పుడు, వారానికి ఏడు రోజులుండడం రూపకల్పన లోపమని తేల్చాడు. టూంబ్‌స్టోనింగ్, అనగా సమాధి కట్టడం, అనే ప్రక్రియ మాత్రం ఇతనికి సులభంగా ఒంటబట్టింది; వాడుకరి మధ్యలో వేరేపనికి వెళితే యాప్ ప్రాణం పోవచ్చు గనుక, తిరిగి వచ్చినప్పుడు అది పూర్వజన్మ స్మృతితో అదే పుటను చూపాలన్నది దాని సారాంశం కాబట్టి, పునర్జన్మను కోడు రాసి నిరూపించానని ఇతడు పొంగిపోయాడు. నల్లని నేపథ్యంపై తెల్లని అక్షరాలే వాడిన ఆ యాప్, వాడుకరి తెల్లని నేపథ్యం ఎంచుకోగానే రాహుకాలాన్ని పూర్తిగా మాయం చేసేది. శుభకాంక్షులకు అంతకన్న కావలసిందేమీ లేకపోయినా, స్టోరు పరీక్షకులు దానిని తిప్పిపంపారు.

2012లో విండోస్ ఫోన్ 8 వచ్చి, లోపలి మూలమే మారినందున పాత ఫోన్లు కొత్తదానికి ఎదగలేవని తేలినప్పుడు, కొన్నవారు కోపగించుకోగా ఇతడు సంతోషించాడు. మళ్లీ మొదటినుండి మొదలుపెట్టవచ్చు. 2014 ఆగస్టులో 1,999 రూపాయలకు వచ్చిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్ ఫోనుకూ, 2015 జనవరిలో సామ్‌సంగ్ ఇక్కడ విడుదల చేసిన టైజెన్ ఫోనుకూ రాహుకాలం చేరింది. ఫైర్‌ఫాక్స్ ఓఎస్ సంతతి అయిన కైఓఎస్ 2017లో జియోఫోనులోకి వచ్చినప్పుడు, వేలితో తాకే తెర లేనందున అన్నింటినీ బొత్తాలకు అప్పగించవలసి వచ్చింది. ఆ ఫోన్లు కోట్ల సంఖ్యలో అమ్ముడుపోవడంతో ఇతడు కలతచెంది త్వరగానే విరమించుకున్నాడు.

ఇతనిని వెర్రివాడని కొట్టివేయడం న్యాయం కాదు. యాప్‌లు లేనిదే జనం ఫోను కొనరు, జనం కొననిదే యాప్‌లు రాసేవారుండరు. పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదన్న ఈ చిక్కులో ప్రతి కొత్త కంపెనీకీ లాభనష్టాలు అడగని మనిషి ఒకడు కావాలి. అందుకే కంపెనీలు ఇతనిని సభలకు పిలిచి, టీషర్టు తొడిగి, భోజనం పెట్టి, స్టోరులోని యాప్‌ల లెక్కలో ఒకటి కలుపుకుంటాయి. ఇతని బీరువాలో మూతపడిన ప్లాట్‌ఫారాల టీషర్టులన్నీ మడతలు నలగకుండా ఉంటాయి. విండోస్ ఫోను వాడేవారు ఆండ్రాయిడ్‌కో ఐఫోనుకో మారడం మంచిదని 2019 జనవరిలో మైక్రోసాఫ్టే సలహా ఇచ్చిననాడు ఇతడు ఆ టీషర్టు వేసుకొనే ఆఫీసుకు వెళ్లాడు.

ప్రస్తుతం ఇతని గదిలో దీపం వెలుగుతున్నది హువావే వారి హార్మొనీ ఓఎస్ నెక్స్ట్ కోసం. 2024లో వచ్చిన ఈ ప్లాట్‌ఫారం ఆండ్రాయిడ్ యాప్‌లను నేరుగా నడపదు. ఆర్క్‌టీఎస్ అనే భాషలో అంతా కొత్తగా రాయాలి. ఆ ఫోన్లు అమ్ముడయ్యేది ప్రధానంగా చైనాలో. ఈ మూడు విషయాలనూ ఇతడు ఆకర్షణలుగానే పరిగణిస్తున్నాడు. బీజింగులో సూర్యోదయ వేళలు సంపాదించి, అక్కడివారికి రాహువు ఎవరో పరిచయం చేసే తొలి పుట సిద్ధం చేస్తున్నాడు. ఆ పుటలో రాహువు తలకు నీడ పెట్టాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.