కలిసి ఉండడానికి ఇరవై అంతస్తులు

పసిపిల్లలున్న కుటుంబం నాలుగు రోజులు కలిసి హాయిగా గడపాలంటే సముద్రం మీద తేలే హోటల్‌ను మించిన చోటు లేదన్నది క్రూయిజ్ కంపెనీలు కొన్ని దశాబ్దాలుగా ప్రచారం చేస్తున్న సిద్ధాంతం. క్రూయిజ్ అంటే ఒక ఊరి నుంచి మరో ఊరికి చేరవేసే ప్రయాణం కాదు. ఎక్కించుకున్న రేవులోనే తిరిగి దించడం దాని సాధారణ లక్షణం, మధ్యలో జరిగే తిండి, ఆట, నిద్రలే అది అమ్మే సరుకు. సముద్రం దాటి వచ్చినవారికి ఒకప్పుడు ప్రాయశ్చిత్తం విధించిన సమాజపు వారసులు, ఇప్పుడు సముద్రం దాటకుండా తిరిగి వచ్చేందుకు నెలల ముందే డబ్బు కట్టి, ఆ రసీదును కుటుంబ అనుబంధానికి ధ్రువపత్రంగా భావిస్తున్నారు. ఈ సిద్ధాంతాన్ని ఖండించడానికి బయటి ఆధారాలు వెతకనవసరం లేదు. ఓడ కట్టిన తీరును, అది నడిచే నియమాలను వరుసగా పరిశీలిస్తే చాలు.

ఈ సిద్ధాంతానికి ఇప్పటివరకు పోతపోసిన ఘనరూపాలలో ప్రసిద్ధమైనది, ఫిన్లాండ్‌లో తయారై 2024 జనవరి 27న మయామీ నుంచి తొలి యాత్రకు బయలుదేరిన రాయల్ కరీబియన్ కంపెనీ ఓడ ఐకాన్ ఆఫ్ ది సీస్. దాని పరిమాణం 2,48,663 గ్రాస్ టన్నులు. ఇక్కడ టన్ను అన్నది బరువు కాదు, ఓడ లోపల మూసి ఉన్న చోటును లెక్కగట్టే కొలమానం, దానికి దగ్గరగా ఉండే పాత కొలతలో టైటానిక్‌ది 46,328 మాత్రమే. 20 డెక్కులు, 7 ఈతకొలనులు, 6 జారుడు గొట్టాలు, తినడానికీ తాగడానికీ 40కి పైగా చోట్లు, నిండుగా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు, వారిని సేవించడానికి 2,350 మంది సిబ్బంది: నలుగురున్న కుటుంబం ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి కావలసిన ఏర్పాట్లు ఇవి. బాగా డబ్బున్న కుటుంబం కోసం అదే ఓడలో మూడంతస్తుల ఇల్లొకటి కట్టి, పిల్లలు పై అంతస్తు నుంచి కిందికి రావడానికి ఇంట్లోనే జారుడుబల్ల అమర్చారు. మెట్లు దిగేటప్పుడు బిడ్డ తల్లి చేయి పట్టుకునే ఆ కాస్త అవకాశాన్ని కూడా ఇంజనీర్లు ముందుచూపుతో తొలగించారన్నమాట.

ఓడ ఎక్కిన కుటుంబాన్ని వయసును బట్టి విడగొట్టడం అక్కడ జరిగే తొలి సంస్కారం. ఆరు నెలలు నిండని శిశువును సాధారణంగా ఎక్కించుకోరు. మహాసముద్రాలు దాటే యాత్రలకైతే పన్నెండు నెలలు నిండాలి. ఆ గడప దాటి మూడేళ్ళ లోపు ఉన్న బిడ్డకు పేరున్న ఓడల్లో గంటకింత అని రుసుము తీసుకునే నర్సరీ ఉంటుంది. మూడేళ్ళు నిండి డైపర్ మానేసిన బిడ్డకు కిడ్స్ క్లబ్, అంటే సిబ్బంది పర్యవేక్షణలో పిల్లలు మాత్రమే ఉండే ఆటల గది, పగలంతా ఉచితం. రాత్రి బాగా పొద్దుపోయాక చాలా ఓడల్లో అక్కడ కూడా గంటల లెక్క మొదలవుతుంది. పదమూడేళ్ళు వచ్చినవారికి తల్లిదండ్రులు కనిపించని వేరే గది, తల్లిదండ్రులకు పిల్లలు కనిపించని ఈతకొలను, భోజనశాల, కాసినో సిద్ధంగా ఉంటాయి. తెలుగునాట కార్పొరేట్ కళాశాలల హాస్టళ్ళను చూసినవారికి ఈ సెక్షన్ల విభజన, పిల్లలకు తొడిగే చేతిపట్టీలు, సంతకం పెట్టి బిడ్డను అప్పగించి మళ్ళీ సంతకం పెట్టి తీసుకువెళ్ళే ఈ ఔటింగ్ పద్ధతి కొత్తగా అనిపించవు. హాస్టల్ యాజమాన్యం దీన్ని ర్యాంకు కోసమని చెబుతుంది, ఓడ యాజమాన్యం అనుబంధం కోసమని చెబుతుంది, తేడా అంతే.

డైపర్ విషయం కొంత వివరంగా చెప్పుకోదగినది. అమెరికా రేవులకు వచ్చే క్రూయిజ్ ఓడల పారిశుద్ధ్యాన్ని ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, వెసెల్ శానిటేషన్ ప్రోగ్రామ్ అనే తనిఖీ వ్యవస్థ ద్వారా 1970ల నుంచి పర్యవేక్షిస్తున్నది. నూటికి 86 మార్కులు వస్తే ఓడ ఉత్తీర్ణమైనట్టు, 85 వస్తే తప్పినట్టు. ఆ నిబంధనల ప్రకారం డైపర్ మానని బిడ్డ, ఈత కోసమే తయారైన ప్రత్యేక డైపర్ తొడిగినా సరే, మామూలు కొలనులో దిగకూడదు. పసిపిల్లలకని విడిగా కట్టిన చిన్న జలక్రీడా స్థలం ఉంటే అక్కడ మాత్రమే తడవవచ్చు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ వేలమంది కిక్కిరిసిన చోట ఎంత వేగంగా పాకుతుందో తెలిసినవారెవరూ ఈ నియమాన్ని తప్పుపట్టరు. అయితే ఏడు కొలనుల బొమ్మ చూసి టికెట్టు కొన్న తండ్రి, ఏడింటి ఒడ్డునా బిడ్డను చంకనెత్తుకుని నిలబడవలసి ఉంటుందని ఆ బొమ్మ కింద పెద్ద అక్షరాలతో ఎవరూ అచ్చువేయరు. ఇంతకంటే విచిత్రం మరొకటుంది. నౌకల వల్ల కలిగే కాలుష్యాన్ని అదుపుచేసే మార్పోల్ అనే అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం, ప్రత్యేక రక్షణ ఉన్న జలాలను మినహాయిస్తే, ఒడ్డుకు 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటి, 4 నాట్లకు తగ్గని వేగంతో సాగుతున్న ఓడ తన మురుగును శుద్ధి చేయకుండానే కొద్దికొద్దిగా సముద్రంలోకి వదలవచ్చు. శుద్ధి యంత్రాలు అమర్చుకున్నామని పెద్ద కంపెనీలు చెప్పుకుంటున్నాయి, అది మెచ్చుకోదగినదే. కానీ చట్టం మాట చట్టానిది. పదహారు నెలల పాప డైపర్ ఉన్నా కొలనులో దిగరాదు, రెండున్నర లక్షల టన్నుల ఓడ డైపర్ లేకుండానే సముద్రంలో దిగవచ్చు.

పిల్లలకు చిన్నప్పటి నుంచే దేశాలు చూపించవచ్చన్నది ప్రచారంలోని రెండో వాగ్దానం. అది ఎలా నెరవేరుతుందో తెలియాలంటే ముందు ఓడ జెండా చూడాలి. పెద్ద క్రూయిజ్ ఓడల్లో అత్యధికం బహామాస్, పనామా, బెర్ముడా, మాల్టా వంటి దేశాల జెండాలు ఎగరేస్తాయి. పన్నుల భారం, కార్మిక నిబంధనల కాఠిన్యం తక్కువగా ఉండేందుకు యజమానులకు సంబంధం లేని దేశంలో ఓడను నమోదు చేయించుకునే ఈ ఏర్పాటును సౌలభ్యపు జెండా అంటారు. అమెరికాలో 1886 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ కేవలం అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పకూడదు గనుక, మయామీ నుంచి బయలుదేరి, మధ్యలో రేవుల్లో ఆగుతూ మయామీకే వచ్చే ఓడ దారిలో ఏదో ఒక విదేశాన్ని తాకి తీరాలి. రాయల్ కరీబియన్ కంపెనీ బహామాస్‌లో లీజుకు తీసుకుని కోకోకే అని పేరు పెట్టుకున్న చిన్న దీవి ఈ లాంఛనాన్ని తీరుస్తుంది. ఓడలోని ఆరు జారుడు గొట్టాలను వదిలి ఆ విదేశంలో కాలుపెట్టిన బిడ్డకు స్వాగతం పలికేది, విడిగా టికెట్టు కొనవలసిన మరో జారుడు గొట్టాల ఉద్యానవనం. అక్కడ కూడా ఎత్తు కొలిచి చాలకపోతే వెనక్కి పంపుతారు. బహామాస్ పిల్లలు ఏ బడికి వెళతారో, ఏం తింటారో తెలియకుండానే ఆ దేశాన్ని చూసివచ్చినట్టు బిడ్డ ఖాతాలో నమోదవుతుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ విదేశయానంలో అదనపు విద్య కూడా లభిస్తుంది. డాలస్ పరిసరాల్లో ఉండేవారు సుమారు ఐదు గంటలు కారు నడిపి గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కి మెక్సికోలోని కొజుమెల్ దాకా వెళ్ళి రావడం పరిపాటి. అమెరికాలోనే పుట్టిన బిడ్డ ఆ దేశపు పౌరుడు గనుక, బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చే ఇటువంటి యాత్రకు జనన ధ్రువపత్రం చాలు. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్న తల్లిదండ్రులు మాత్రం పాస్‌పోర్టు, వీసా స్టాంపింగ్, హోదా కాగితాలు మోసుకు తిరగాలి. స్టాంపింగ్ గడువు తీరినా చెల్లుబాటయ్యే హోదా ఉన్నవారు మెక్సికో, కెనడాలకు 30 రోజుల లోపు వెళ్ళివచ్చే వెసులుబాటు కొన్ని షరతులతో ఉన్నది, అదే హెచ్-1బీ వారికి బహామాస్ దీవులకు వర్తించదు. కాబట్టి విహారయాత్రకు దీవిని ఎంచుకోవలసిన ఇంట్లో ఇసుక రంగు గురించి కాక వలస చట్టపు సెక్షన్ల గురించి చర్చ నడుస్తుంది, కుటుంబంలో నిశ్చింతగా నిద్రపోయే ఏకైక ప్రయాణికుడు రెండేళ్ళ పౌరుడే అవుతాడు.

భారతదేశం కూడా వెనకబడి లేదు. 1990లో సేవలోకి వచ్చిన ఒక ఓడను ఎంప్రెస్ అనే పేరుతో కార్డీలియా సంస్థ 2021 సెప్టెంబరులో ముంబై నుంచి నడపడం మొదలుపెట్టింది, 2022 జూన్‌లో అది విశాఖపట్నం వచ్చింది. 2023 సెప్టెంబరులో సుమారు 96 కోట్ల రూపాయల ఖర్చుతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ కూడా అక్కడ ప్రారంభమైంది. క్యాబిన్లలో అన్నిటికంటే చవకైనది లోపలి క్యాబిన్, అంటే ఓడ నడిబొడ్డున కిటికీ లేకుండా ఉండే గది. రోజూ సాయంత్రం ఆర్కే బీచ్‌లో పైసా ఖర్చు లేకుండా సముద్రాన్ని చూసే విశాఖ కుటుంబం, అదే సముద్రం మధ్యలో అది కనిపించని గదికి డబ్బు కట్టడం ఆర్థిక ప్రగతికి తిరుగులేని సూచిక.

కుటుంబాన్ని విడగొట్టడం వెనక ఉన్న లెక్క కంపెనీల ఖాతాల్లోనే దొరుకుతుంది. టికెట్ల ఆదాయాన్ని, ఓడ మీద చేయించే ఖర్చుల ఆదాయాన్ని అవి వేర్వేరుగా చూపిస్తాయి. కార్నివాల్, రాయల్ కరీబియన్ సంస్థల 2023 ఆదాయంలో రెండోదాని వాటా దాదాపు మూడో వంతు. బిడ్డ ఒడిలో ఉన్న తల్లి కాసినోలో కూర్చోదు, బిడ్డ వెంట పరుగెత్తే తండ్రి మద్యం ప్యాకేజీకి న్యాయం చేయలేడు. కాబట్టి కిడ్స్ క్లబ్ ఉచితంగా ఇవ్వడం దయ కాదు, తల్లిదండ్రుల చేతులు ఖాళీ చేయించే పెట్టుబడి. పిల్లలకు ప్రయాణం ఉచితమన్న ప్రకటనలో కూడా పన్నులు, రేవు రుసుములు, చాలా చోట్ల రోజువారీ టిప్పులు ఉచితంలోకి రావు. పాలు తాగే ప్రయాణికుడు కూడా ఎవరికో టిప్పు ఇచ్చినట్టు బిల్లులో కనిపిస్తాడు.

ఆ టిప్పు అందుకునేవారి కుటుంబాల సంగతి ప్రచార పత్రాల్లో ఉండదు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, భారతదేశాల నుంచి వచ్చే ఈ సిబ్బంది సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలల ఒప్పందాల మీద పనిచేస్తారు. నావికుల హక్కుల పత్రంగా పేరుపొందిన 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక, గరిష్ఠ పనిగంటలనో కనీస విశ్రాంతినో ఏదో ఒకటి నిర్దేశించుకునే స్వేచ్ఛను జెండా దేశాలకు ఇచ్చింది. వారానికి 77 గంటల కనీస విశ్రాంతి చాలన్న రెండో మార్గాన్ని పట్టుకుంటే మిగిలిన 91 గంటలూ పని చేయించుకోవచ్చు. తన బిడ్డను ఫోను తెరమీద మాత్రమే చూసుకునే మనిషి, పరాయి బిడ్డకు తువ్వాలుతో ఏనుగు బొమ్మ మడిచి పరుపు మీద పెడితే, ఆ బిడ్డ కుటుంబం దాన్ని ఫొటో తీసి కుటుంబ బంధాల విలువ గురించి రెండు వాక్యాలు రాస్తుంది.

క్రూయిజ్‌ను సమర్థించేవారి వాదన బలహీనమైనదేమీ కాదు. పెట్టె ఒక్కసారి విప్పితే చాలు, వంట చేయనక్కరలేదు, గిన్నెలు తోమనక్కరలేదు, చక్రాల కుర్చీలో ఉన్న పెద్దవారు కూడా రావచ్చు, ఏడాది పొడవునా ఉద్యోగం, వంటిల్లు, బిడ్డ మూడింటినీ మోసిన తల్లికి నాలుగు రోజులు ఊపిరి అందుతుంది. ఇదంతా నిజమే, అయితే ఇదంతా విశ్రాంతిని గురించిన వాదన, కలిసి ఉండడాన్ని గురించినది కాదు. సందర్శక వీసా మీద ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మను కూడా ఓడ ఎక్కించి, రాత్రి ప్రదర్శనకు దంపతులు వెళ్ళినప్పుడు నిద్రపోతున్న మనవడి పక్కన కిటికీ లేని క్యాబిన్‌లో కాపలా కూర్చోబెట్టే ఇళ్ళు ఈ తేడాను చక్కగా గ్రహించాయి. నర్సరీ రుసుము మిగలడం, పెద్దావిడకు సముద్రయానం చేయించిన పుణ్యం దక్కడం ఒకేసారి జరిగిపోతాయి.

అలసిన తల్లిదండ్రులు బిడ్డ నుంచి మూడు గంటలు దూరంగా ఉండాలనుకోవడం సిగ్గుపడవలసిన కోరిక కాదు. దాన్ని ఒప్పుకోలేక అనుబంధం అని పేరు పెట్టి, ఆ పేరుకు ఇరవై అంతస్తులు కట్టించుకుని, వాయిదాల్లో డబ్బు చెల్లించడమే హాస్యాస్పదం. ఒప్పుకుంటే ఊళ్ళోనే రెండు సందుల అవతల నమ్మకమైన శిశు సంరక్షణ కేంద్రం, ఇంటిపనిలో సగం మోసే భర్త, సెలవు రోజున మోగని ఆఫీసు ఫోను అడగవలసి వస్తుంది. అవి అడగడం కంటే ఓడ ఎక్కడం సులువు, ఎందుకంటే ఓడ ఎవరినీ మారమనదు. అంతవరకు కంపెనీలు చేయదగిన నిజాయితీ పని ఒకటున్నది: ప్రకటనలో కుటుంబమంతా కలిసి అన్న మాట పక్కన చుక్క గుర్తు పెట్టి, పేజీ అడుగున, భోజన సమయాల్లో మాత్రమే, అది కూడా బల్ల ఖాళీగా దొరికితే, అని అచ్చువేయడం.