పాత మెయిల్‌కు రిప్లై కొట్టి కొత్త సంగతి రాసే అన్నకు

తిరుపతి

అన్నా,

మనది చదువుల ఊరు. 1954లో ఎస్వీ యూనివర్సిటీ వచ్చింది, 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. ఇలాంటి చోట ఒక ఫెలోషిప్ కదలాలన్నా, ఒక వైవా తేదీ తేలాలన్నా మెయిలే దిక్కు. అందుకే నీకీ ఉత్తరం.

కొత్త సంగతి రాయాల్సి వస్తే, అందరి అడ్రసులూ మళ్లీ ఎవరు కొడతారని పాత మెయిల్ ఒకటి తెరుస్తావు. రిప్లై ఆల్ నొక్కి, సబ్జెక్టు చెరిపి, వేరేది రాసి పంపేస్తావు. సబ్జెక్టు మారింది గనుక అది కొత్త మెయిలే అనుకుంటావు. కాదన్నా. ప్రతి మెయిల్‌కూ మెసేజ్-ఐడీ అని సొంత గుర్తు ఉంటుంది. రిప్లై కొట్టగానే పాత మెయిల్ గుర్తు నీ మెయిల్లోని ఇన్-రిప్లై-టు, రెఫరెన్సెస్ వరుసల్లో చేరుతుంది. సబ్జెక్టు చెరిపినా అది చెరగదు. సబ్జెక్టు మారితే జీమెయిల్ దాన్ని విడిగా చూపిస్తుంది, అందుకే ఆ పొరపాటు నీ తెర మీద కనబడదు. నేను వాడేది మట్. 1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టిన మెయిల్ ప్రోగ్రాం. టెర్మినల్లో కీబోర్డుతోనే నడుస్తుంది. అది ఆ రెఫరెన్సులను నమ్మి మెయిళ్లను థ్రెడ్‌గా, అంటే ఒకే గుత్తిగా కడుతుంది.

మే నెలలో గంగమ్మ జాతర సెలవు గురించి ఒక థ్రెడ్ నడిచిందనుకో. దానికి రిప్లై కొట్టి ఒక విద్యార్థిని ఫెలోషిప్ బిల్లు పంపావు. ఎస్కేప్, వి నొక్కి నేను థ్రెడ్ మడిస్తే ఒక్క లైనే మిగులుతుంది. దాని మీద ఉండేది జాతర పేరే. జాతర అయ్యాక కంట్రోల్-డి కొడితే థ్రెడ్ మొత్తానికి డిలీట్ గుర్తు పడుతుంది, బిల్లుతో సహా. నష్టం నీకూ కాదు, నాకూ కాదు. ఆ డబ్బుతో హాస్టల్ బాకీ కట్టుకోవాల్సిన పిల్లకు.

సరిచేసే దారి మట్‌లో ఉంది. నీ మెయిల్ మీదికి వచ్చి హ్యాష్ కొడితే అది థ్రెడ్ నుంచి తెగి విడిగా నిలుస్తుంది. దానికొచ్చిన జవాబు ఎక్కడో తేలితే, ఆ జవాబుకు 'టి'తో గుర్తు పెట్టి, నీ మెయిల్ మీద యాంపర్‌శాండ్ కొడితే అతుక్కుంటుంది. కానీ నేను కోసినా అతికినా అది నా పెట్టె వరకే. మిగతావాళ్ల దగ్గర ఆ బిల్లు జాతర కిందే ఉంటుంది. పంపేటప్పుడు నువ్వొక్కడివి చూసుకుంటే తీరిపోయే పని, అందుకున్నాక ఎవరికి వాళ్లు చేసుకోవాల్సి వస్తోంది.

అడిగేది ఒక్కటే. సంగతి కొత్తదైతే కంపోజ్ నొక్కు. మట్‌లో అయితే 'ఎమ్'. అడ్రసులు కొట్టడం కష్టమైతే వాటన్నిటినీ ఒక గ్రూపు పేరు కింద దాచుకో. మట్‌లో ఏలియస్ పెట్టుకుంటే చాలు, ఒక్క పేరుతో అందరూ వస్తారు. పాత సంగతికే జవాబైతే మాత్రం తప్పకుండా రిప్లైయే కొట్టు, లేకపోతే ముందు నడిచిన మాటలతో లంకె పోతుంది. నువ్వు రాసేది పదిమందికీ అవసరమైన సంగతి. అది వాళ్ల కంట పడాలనే ఇంతగా చెప్తున్నా. రేపటి మెయిల్ నుంచే మొదలుపెట్టన్నా.

ఇట్లు,
నీ మెయిళ్లన్నీ చదివే తమ్ముడు