నొప్పికి ఒకటే రేటు!

డాక్టర్ల ఇన్సూరెన్స్ ప్రీమియంలు మండిపోతున్నాయని 1975లో కాలిఫోర్నియా ‘మైక్రా’ చట్టం తెచ్చింది. వైద్యుడి నిర్లక్ష్యం వల్ల రోగి పడే బాధకు, వేదనకు పరిహారం 2.5 లక్షల డాలర్లు దాటకూడదంది. ఆ తర్వాత ఆస్పత్రి బిల్లు పెరిగింది, మందుల ధర పెరిగింది, ఇంటి అద్దె పెరిగింది. నొప్పి రేటు మాత్రం 47 ఏళ్లు పైసా కదల్లేదు!

పెంచుదామా అని 2014లో ఓటర్లను అడిగితే డాక్టర్లు, బీమా కంపెనీలు కోట్ల డాలర్లు కుమ్మరించి ‘వద్దు’ అనిపించారు. ఎద్దు పుండు కాకికి నొప్పా మరి!

చివరికి 2022లో లాయర్లు, డాక్టర్లు రాజీపడ్డారు. 2023 నుంచి రోగి బతికుంటే 3.5 లక్షలు, ప్రాణం పోతే 5 లక్షలు; ఆపై ఏటా కాస్త పెంపు. వైద్య ఖర్చులకు, పోయిన జీతానికి పరిమితి లేదట. మరి జీతమే లేని పసివాడు, ముసలమ్మ? వాళ్లకు పెద్ద దిక్కు పరిమితి ఉన్న ఆ నొప్పి పరిహారమే.

కాబట్టి కాలిఫోర్నియా రోగులకు మనవి: ఆపరేషన్‌కు వెళ్లేటప్పుడు రక్తం రిపోర్టు మరిచినా ఫర్వాలేదు, జీతం స్లిప్పు మాత్రం మరవకండి!