గేరు రాడ్డు కురచైతే ఎల్లారెడ్డి దగ్గరవుతుందా?

కారు ఎంత స్పీడు పోతుందని అడగడం పాతకాలపు ముచ్చట. ఇప్పుడు కామారెడ్డిలో కారు పిచ్చి పట్టిన కుర్రాళ్ల మధ్య ఆ మాటంటే జాలిగా చూస్తారు. రెండో గేరు నుంచి మూడో గేరుకు రాడ్డు ఎన్ని అంగుళాలు జరుగుతుందని అడగాలి. ఎంత తక్కువ జరిగితే బండి అంత గొప్పది. షార్ట్ షిఫ్టర్ మహిమ అది. కంపెనీ ఇచ్చిన గేరు రాడ్డును ఊడబీకి, బయట కొన్న కురచ రాడ్డు బిగిస్తే మామూలు కారు కాస్తా స్పోర్ట్స్ కారు అయిపోతుందట. అసలైన స్పోర్ట్స్ కారుకు బిగిస్తే అది ఇంకేమైపోతుందో తెలుసుకుందామంటే మన జిల్లాలో నమూనా దొరకడం కష్టం. ఇక్కడ స్పోర్ట్స్ కారంటే చేతులు మారి మారి వచ్చిన ఫోక్స్‌వాగన్ పోలో. దాని ప్లేటు మీద చాలావరకు పాత టీఎస్ అనే ఉంటుంది, ఎందుకంటే 2024 మార్చిలో టీజీ అక్షరాలు వచ్చేనాటికి ఆ కారు తయారీ మన దేశంలో ఆగిపోయి రెండేళ్లు కావస్తోంది. 2022లో ఆగింది. ఆగినప్పటి నుంచే భక్తి ముదిరింది.

రాడ్డును ఎంచుకునే తంతు చూసి తీరాలి. చాయ్ హోటల్ ముందు గంటలకు గంటలు నడుస్తుంది. రాడ్డు కొసన గుండు, అంటే నాబ్, అల్యూమినియందా, స్టీలుదా, టైటానియందా? రెండు వందల గ్రాములా, అర కిలోనా? బరువుంటే గేరు తనంతట తానే పడుతుందని ఒకడు, తేలికగా ఉంటేనే చేతికి ‘ఫీల్’ తెలుస్తుందని ఇంకొకడు. కింద బుష్‌లు ప్లాస్టిక్‌వి ఉంచుదామా, ఇత్తడివి వేయిద్దామా? ఢిల్లీ నుంచి తెప్పిద్దామా, డాలస్‌లో ఉన్న బావ సంక్రాంతికి వచ్చేదాకా ఆగుదామా? ఇక్కడి నుంచి ఆవకాయ పట్టుకుపోయిన సూట్‌కేసులోనే అక్కడి నుంచి గేరు నాబ్ దిగుతోంది. ఎగుమతి దిగుమతులు సరిపోయాయనుకోవాలి, కాకపోతే ఆవకాయ అన్నంలో కలుపుకోవచ్చు.

చివరికి స్టీలుదే ఖాయమవుతుంది, ఎందుకంటే ఫొటోలో అదే మెరుస్తుంది. మే నెలలో బస్టాండు ఎదురుగా గంటసేపు ఎండలో నిలిపిన కారులోకి ఎక్కి ఆ స్టీలు గుండు మీద అరచెయ్యి వేస్తే, ఫీల్ అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. అందుకని జేబులోంచి దస్తీ తీసి దాని మీద కప్పుతారు. చేతికీ యంత్రానికీ మధ్య అడ్డేమీ ఉండకూడదని వేలకు వేలు పోసి కొన్న వస్తువు మీద చిన్న గీతల దస్తీ! మొదటి గేరు దస్తీతోనే పడుతుంది, ఏసీ చల్లబడేదాకా రెండోదీ మూడోదీ కూడా.

కొడుకు కారులో మొదటిసారి ముందు సీట్లో కూర్చున్న ఓ పెద్దాయన, మక్కలు అమ్మి వస్తున్నవాడు, కిందికి చూసి అడిగాడు: “ఏంది బిడ్డా, రాడ్డు ఇరిగిందా?”

“లే బాపూ, కొత్తది ఏపిచ్చిన.”

“గట్లనా. మరి పైసలు మొత్తం తీస్కొని సగమే ఇచ్చిండేంది?”

షార్ట్ షిఫ్టర్ల మీద నేను విన్న విమర్శల్లో ఇంతకన్నా సూటైనది లేదు. అయినా ఆయన మాటను చదువు లేని మాట కింద కొట్టిపారేస్తారు కనుక చదువున్న లెక్కే వేద్దాం.

అమ్మేవాడు చెప్పే గొప్ప ఒక్కటే: త్రో, అంటే రాడ్డు జరిగే దూరం, నలభై శాతం తక్కువ. శాతం వినబడగానే మనవాళ్లు చేతులు కట్టుకుంటారు. ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చింది? గేరు రాడ్డు ఉత్త మీట. పైకొస చేతిలో ఉంటుంది, నడుమ ఇరుసు, కిందికొస గేర్‌బాక్స్ దాకా పోయే కేబుల్‌ను లాగుతుంది. చేతి కదలిక తగ్గాలంటే రాడ్డు పైభాగాన్ని కురచ చేయాలి, లేకుంటే ఇరుసును పైకి జరపాలి, అదీ కాదంటే గేర్‌బాక్స్ నెత్తిన కేబుల్ తగిలించే చిన్న చేతిని పొట్టి చేయాలి. వీటిలో ఏది చేసినా గేర్‌బాక్స్ లోపల గేరు వేసే ఫోర్కు జరగాల్సిన దూరం వెంట్రుకవాసి కూడా తగ్గదు. చేతి దూరం తగ్గిన మేరకు చేతి బలం పెరగాలి. త్రో నూటికి నలభై తగ్గిందంటే, అదే గేరు వేయడానికి పెట్టాల్సిన బలం నూటికి అరవై ఆరు పైచిలుకు పెరిగిందని అర్థం. మొదటి శాతాన్ని డబ్బా మీద లావు అక్షరాల్లో కొడతారు, రెండోదాన్ని కొన్నవాడి భుజానికి వదిలేస్తారు. పొలంలో బండను పెకిలించేవాడికి గడ్డపార పొడుగుంటేనే పని తేలికని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన కొడుకు మాత్రం గడ్డపారను సగానికి కోయించి, కోత కూలి కూడా ఇచ్చి, బండ ఇక తొందరగా లేస్తుందంటున్నాడు.

భుజం పోతే పోయింది, వయసు పిల్లలు. లోపల ఇంకొక ప్రాణి ఉంది, దాని గోడు ఎవరికీ పట్టదు. ముందుకు పోయే ప్రతి గేరు పక్కనా సింక్రోనైజర్ రింగు అని ఒకటి ఉంటుంది, చాలా గేర్‌బాక్సుల్లో ఇత్తడిదే. వేర్వేరు వేగాల్లో తిరుగుతున్న రెండు భాగాలను రాపిడితో ఒక వేగానికి తెచ్చి, ఆ తర్వాతే పళ్లను కలవనిస్తుంది. 1928లో కాడిలాక్ కార్లలో ఈ ఏర్పాటు వచ్చేదాకా డ్రైవింగ్ అంటే సగం సంగీతం, అదీ అపశ్రుతుల సంగీతం. ఆ రింగు పని చేయడానికి కొంత సమయం కావాలి. రాడ్డు పొడుగో పొట్టో దానికి తెలియదు, ఎంత గట్టిగా తోస్తున్నారో మాత్రమే తెలుస్తుంది. పొట్టి రాడ్డు పెట్టుకున్నవాడు ‘చకచకా వేస్తున్నా’ అనుకుంటూ దాన్ని తొందర పెడతాడు. అది అరుగుతుంది. చేతిలో మిగిలిన రెండంగుళాలు ఎటో మాయం కాలేదు, గేర్‌బాక్స్ లోపలికి పోయి ఇత్తడిని గీకుతున్నాయి.

ఇక మిగిలే కాలం సంగతి. గేరు మార్చిన ప్రతిసారీ సెకనులో పదో వంతు మిగులుతుందనే ఒప్పుకుందాం, ఉదారంగా. కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయేలోపు రెండు వందల సార్లు గేరు మార్చాడనుకుందాం, ఇంకా ఉదారంగా. ఇరవై సెకన్లు మిగిలాయి. లింగంపేట దాటకముందే ఒక గొర్ల మంద ఆ ఇరవై సెకన్లనూ, వాటితో పాటు ఇంకో నాలుగు నిమిషాలనూ వసూలు చేసుకుని, వెనక్కి తిరిగి కూడా చూడకుండా పోతుంది. యాసంగి కోతల కాలమైతే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. కుప్ప చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. మిగిలిన సగంలో ఎదురుగా హార్వెస్టర్ వస్తుంది. అది ఎవరికీ దారి ఇవ్వదు, దారే అది. వానాకాలం పంటకు అదే చోట మక్కలు. ఊరు ఊరికీ స్పీడ్ బ్రేకర్లు, కొన్ని ప్రభుత్వం వేసినవి, కొన్ని ఊరివాళ్లు వేసుకున్నవి. ఈ దారిలో మూడో గేరు నుంచి నాలుగో గేరుకు పోవడమే ఒక ఆశావాదం. అక్కడ రాడ్డు ఎన్ని అంగుళాలు జరిగితేనేం? ఎక్కువగా జరిగేది వెనక్కే.

ఇదే దారిలో ఆర్టీసీ డ్రైవర్‌ను చూడండి. ఇంజన్ పక్కనుంచి లేచి వచ్చే ఆ పొడుగాటి రాడ్డు, బండి నిలబడి ఉన్నప్పుడు దానంతట అదే వణుకుతుంటుంది. ఆడవాళ్లకు టికెట్ లేని మహాలక్ష్మి పథకం మొదలైన 2023 డిసెంబరు నుంచి బస్సులో కాలు పెట్టడానికి చోటుండదు. మెట్ల మీద నలుగురు, డ్రైవర్ వీపు మీద ఒక సంచి. ఆయన రెండు వేళ్లతో, కళ్లు రోడ్డు మీంచి తిప్పకుండా, ఇంజన్ చప్పుడు విని గేరు మారుస్తాడు. గరగర వినబడదు, వెనక నిలబడిన అవ్వ ముందుకు తూలదు. సింక్రోనైజర్లు లేని పాత లారీలు నడిపిన డ్రైవర్లయితే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, వదిలి, యాక్సిలరేటర్ ఒక్క గుక్క ఇచ్చి, మళ్లీ తొక్కి కింది గేరు వేసేవారు. ఇప్పటి నేషనల్ హైవే 44 మీద రాత్రంతా అదే పని. ఇన్నేళ్లలో వాళ్లలో ఒక్కరూ ‘ఈ రాడ్డు త్రో నాకు నచ్చలేదు’ అని బండి దిగిపోయిన దాఖలా నాకు తెలిసి లేదు. గేరు మార్చడం వచ్చినవాడికి రాడ్డు పొడుగు అడ్డం కాదు. రానివాడికి దుకాణం ఉంది.

చట్టం మాటేమిటంటారా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో యజమాని చేయించే ఒక్కో అక్రమ మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కానీ గేరు రాడ్డు పొడుగు రాసే గడి ఆర్‌సీలో లేదు. ట్రాఫిక్ పోలీసు బుల్లెట్ బండి సైలెన్సర్ చప్పుడు వింటాడు, అద్దాల మీది నల్ల ఫిల్ము చూస్తాడు. మోకాలి పక్కన రెండంగుళాలు తగ్గిన సంగతి ఆయనకెలా తెలుస్తుంది? మనవాడి అసలు బాధ అదే. సైలెన్సర్ మార్చినవాడి గొప్పతనం మూడు వీధుల దాకా వినిపిస్తుంది, పట్టుబడి రోడ్డు రోలర్ కింద నలిగినా పేపర్లో ఫొటో వస్తుంది. పొట్టి రాడ్డు వేయించినవాడిని ఎవరూ పట్టుకోరు, పట్టించుకోరు. అందుకని వెనక అద్దం మీద దాని కంపెనీ స్టిక్కరు అతికించాల్సి వస్తోంది. రాడ్డు కన్నా స్టిక్కరు పొడుగు.

రేసు కార్లకు పొట్టి రాడ్డు ఉంటుంది కదా అంటారు. ఉండేది. 1989లో బ్రెజిల్ గ్రాండ్ ప్రిలో నైజల్ మాన్సెల్ గెలిచిన ఫెరారీలో గేరు రాడ్డే లేదు, స్టీరింగ్ వెనక రెండు మీటలు నొక్కితే గేరు మారింది. కొన్నేళ్లకే మిగతావాళ్లూ రాడ్డును వదిలేశారు. మన తెలుగు నేల మీద జరిగిన ప్రపంచ స్థాయి కారు రేసు సంగతి ఇంకా అన్యాయం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగింది. కామారెడ్డి నుంచి కూడా కుర్రాళ్లు ఆశగా పోయి చూశారు. అవి కరెంటు కార్లు, మార్చడానికి గేర్లే లేవు. ఇంజన్ రంకె కూడా లేదు, సన్నటి కూత. దాన్ని చూసి వచ్చిన వారంలోనే షార్ట్ షిఫ్టర్‌కు అడ్వాన్సు కట్టినవాళ్లున్నారు. కొరియావాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. అదే ఏడాది వచ్చిన హ్యుందాయ్ అయోనిక్ 5 ఎన్ అనే కరెంటు కారులో లేని గేర్లు మారినట్టు నటించే ఏర్పాటు పెట్టారు, చప్పుడుతో సహా. దాన్ని నేను తప్పు పట్టను. నటనే కావాలనుకుంటే ఇత్తడి అరగకుండా నటించడం మేలు.

పూర్తిగా కొట్టేయనక్కర్లేదు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ల్యాపు ల్యాపుకూ క్షణాలు లెక్కబెట్టేవాడికి, రేసుకోసారి గేర్‌బాక్స్ విప్పి చూసుకునే స్తోమత ఉన్నవాడికి, పొట్టి రాడ్డు ఒక పనిముట్టు. ‘నా చేతికి బాగుంటుంది, అందుకే వేయించుకున్నా’ అనేవాడితోనూ నాకు పేచీ లేదు. ఎవరి సరదా వారిది. కానీ ఆ ఒక్క ముక్క అనేవాడు దొరకడు. అందరూ శాతాలే చెబుతారు.

మొన్న ఒక షెడ్డులో ఇలాంటి బండే లిఫ్టు మీద ఉంది. మూడో గేరు గరగరమంటోందని తెచ్చారు. ఉస్తాద్ డ్రెయిన్ బోల్టు విప్పి గేర్ ఆయిల్‌ను పళ్లెంలోకి వదిలాడు. నల్లగా రావాల్సిన చోట బంగారు రజను కలిసిన తేనెరంగులో వచ్చింది. అయస్కాంతం పెట్టి తిప్పాడు. ఒక్క రేణువు అంటుకోలేదు. “స్టీలైతే అంటుకునేది. ఇది ఇత్తడి, రింగులు పోయినయ్,” అన్నాడు. బాక్స్ దింపాలి. ఆ తర్వాత పాత రాడ్డు పెట్టెలోంచి తీసి చూపించాడు. కంపెనీదే, దాని కింద ప్లాస్టిక్ బుష్ ఒకటి అరిగి వదులైంది. గేరు ‘లూజుగా’ పడుతోందని బండాయన మొదట వచ్చింది ఆ బుష్ వల్లే. కొత్త బుష్ వేసి, ఆయిల్ మార్చి, కేబుల్ సరిచేస్తే పూటలో అయిపోయే పని. “చెప్పిన అన్నా, ఇనలె. అంతకు రెండు దినాల ముందే ఆర్డర్ ఇచ్చిండంట,” అన్నాడు, చేతులు వేస్టు గుడ్డకు తుడుచుకుంటూ.

గేర్‌బాక్స్ ఖర్చు విన్నాక బండాయన అమ్మకానికి పెట్టాడు. ‘ఫుల్లీ లోడెడ్, షార్ట్ షిఫ్టర్, టైటానియం నాబ్’ అని రాశాడు. నాబ్ స్టీలుదేనని ఉస్తాద్‌కు తెలుసు. చూడటానికి బాన్సువాడ నుంచి ఒకాయన వచ్చి సీట్లో కూర్చున్నాడు, రాడ్డును అటూ ఇటూ ఊపాడు, బలంగా తోసి రెండో గేరు వేశాడు, భుజం ఒకసారి నిమురుకున్నాడు.

“అన్నా, ఇండ్ల ఆటోమేటిక్ రాదా?”